నిద్రపోయినా తీరని బడలిక: శక్తి ఎక్కడ కారిపోతోంది?

క్లుప్తంగా: అలసటకు మూలాలు అనేకం. నిద్ర చాలక వచ్చేది ఒకటి, మనసు పనిని వదలక వచ్చేది ఒకటి, రక్తంలో ఇనుము తగ్గి వచ్చేది మరొకటి. ధ్యానం రెండో దానికి బాగా పనికొస్తుంది, మొదటి దానికి కొంత ఊతమిస్తుంది, మూడో దాని ముందు చేతులెత్తేస్తుంది. పని వేళలు, ఇంటి చాకిరీ ఎప్పటిలాగే ఉండగా మనిషి తనంతట తాను చేసుకునే సంరక్షణ ఒక్కటే గట్టెక్కిస్తుందనడానికి ఆధారాలు బలహీనం.

ఆదివారం పొద్దెక్కేదాకా పడుకున్నా సోమవారం ఉదయం ఒళ్లు బరువుగానే ఉందనే ఫిర్యాదు ఆఫీసు క్యాంటీన్లలోనూ, అపార్టుమెంటు మెట్ల మీదా, డాక్టర్ల గదుల్లోనూ వినిపిస్తోంది. ఇది పని గంటల మీద దేశమంతా వాదించుకున్న కాలం కూడా. 2023 అక్టోబరులో ఇన్ఫోసిస్ వ్యవస్థాపకుల్లో ఒకరైన నారాయణమూర్తి యువత వారానికి 70 గంటలు పనిచేయాలన్నారు. 2025 జనవరిలో ఎల్ అండ్ టీ ఛైర్మన్ సుబ్రహ్మణ్యన్ మాటల్లో అది 90కి చేరింది. అదే ఏడాది జూన్‌లో ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం రోజువారీ పని పరిమితిని 9 గంటల నుంచి 10కి పెంచడానికి ఆమోదం తెలిపింది. జులైలో తెలంగాణ ప్రభుత్వం దుకాణాలను మినహాయించి వాణిజ్య సంస్థల్లో రోజుకు 10 గంటల పనికి అనుమతి ఇచ్చింది. వారానికి 48 గంటలు దాటకూడదన్నది షరతు.

ఇదే సమయంలో ధ్యానం నేర్పే యాప్‌లు, శ్వాస తరగతులు, వారాంతపు విశ్రాంతి శిబిరాలు పెరిగాయి. ఒకవైపు ఎక్కువ పనిచేయమంటున్నారు, మరోవైపు శక్తిని తిరిగి నింపుకోమంటున్నారు. నింపుకోవడం అంటే శరీరంలో, మెదడులో అసలు ఏం జరగాలి అన్న ప్రశ్న మాత్రం ఈ సందడిలో పక్కన పడిపోయింది.

బ్యాటరీ పోలిక ఎక్కడ తప్పుతుంది

సాయంత్రానికి "చార్జింగ్ అయిపోయింది" అనడం అలవాటైంది. ఫోను విషయంలో అది నిజం. మనిషి విషయంలో లెక్క కుదరదు. శరీర బరువులో మెదడు వాటా సుమారు 2 శాతమే. విశ్రాంతిగా ఉన్నప్పుడు శరీరం ఖర్చుచేసే శక్తిలో మాత్రం దాదాపు 20 శాతం దానిదే. అయితే కష్టమైన లెక్క ముందు పెట్టుకున్నా ఆ ఖర్చు పెద్దగా పెరగదు. రోజంతా కంప్యూటర్ ముందు కూర్చున్న ఉద్యోగి కేలరీల పద్దులో ఖర్చు రాసిందేమీ లేదు. అయినా ఇంటికి వచ్చేసరికి కూరలో ఉప్పు వేశారో లేదో గుర్తుండదు.

మనోబలం ఒక నిల్వ లాంటిదని, వాడేకొద్దీ తరుగుతుందని 1998లో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త రాయ్ బౌమైస్టర్, ఆయన సహచరులు కొన్ని ప్రయోగాలతో ప్రతిపాదించారు. ఆ భావన ఏళ్ల తరబడి రాజ్యమేలింది. 2016లో 23 ప్రయోగశాలలు రెండు వేల మందికి పైగా వ్యక్తులతో ఒకే పద్ధతిలో పరీక్షిస్తే ఆ ప్రభావం దాదాపు సున్నాగా తేలింది. మరో దారి 2022లో పారిస్ పరిశోధకులు చూపారు. రోజంతా కఠినమైన మానసిక పని చేసినవారిలో, నిర్ణయాలను అదుపుచేసే ముందు మెదడు భాగంలో గ్లుటమేట్ అనే రసాయనం పేరుకుంది. తేలిక పని చేసినవారిలో అంతగా పేరుకోలేదు. ఈ వివరణ నిలబడితే మానసిక అలసటను ఇంధనం అడుగంటడంగా కన్నా, వంట సాగుతున్నకొద్దీ గట్టు మీద గిన్నెలు పేరుకోవడంగా ఊహించుకోవడం మేలు. పొయ్యిలో గ్యాసు ఉన్నా పని ముందుకు సాగదు.

క్రికెట్ అభిమానుల ఇళ్లలో దీనికి రుజువు దొరుకుతుంది. కళ్లు మూతలు పడుతున్నాయన్న మనిషి మ్యాచ్ సూపర్ ఓవర్‌కు వెళ్లగానే నిటారుగా కూర్చుంటాడు. తొట్టి నిజంగా ఖాళీ అయి ఉంటే అది సాధ్యం కాదు. చేస్తున్న పనికి ఇక మీదట పెట్టే శ్రమ గిట్టుబాటు కాదని మెదడు ఇచ్చే సంకేతమే అలసటలో చాలా భాగం. సంకేతాన్ని చదవకుండా దాని మీద కాఫీ పోయడం వేరే సంగతి.

ఒకే గాటన కట్టిన మాట

తెలుగులో ఈ స్థితులకు వేరువేరు పేర్లు ఉన్నాయి. నాట్లు వేసి వచ్చినవారిది అలసట. రాత్రంతా బస్సులో కూర్చుని దిగినవారిది బడలిక. జ్వరం తగ్గాక మిగిలేది నీరసం. కాళ్లూ చేతులూ ఆడకపోతే నిస్సత్తువ. చేసిన పనే పదోసారి చేయాల్సి వస్తే విసుగు. మధ్యాహ్నం భోజనం తర్వాత వచ్చే మాంద్యానికైతే భుక్తాయాసమని ప్రత్యేకంగా ఒక పేరే పెట్టుకున్నారు. ఈ తేడాలన్నిటినీ ఇప్పుడు "ఎనర్జీ లేదు" అనే ఒక్క మాట ఒకే గాటన కట్టేసింది. మాట కలిసిపోవడంతో మందూ కలిసిపోయింది. అన్నిటికీ సెలవు, అన్నిటికీ నిద్ర, అన్నిటికీ ధ్యానం.

కూర్చుని కూర్చుని వచ్చే నీరసానికి విశ్రాంతి పనిచేయదన్నది ఇందుకు మంచి ఉదాహరణ. అమెరికాలోని జార్జియా విశ్వవిద్యాలయం 2008లో ప్రచురించిన అధ్యయనంలో, ఎప్పుడూ అలసటగా ఉంటుందనే, వ్యాయామం అలవాటు లేని యువతీ యువకులు ఆరు వారాల పాటు వారానికి మూడుసార్లు 20 నిమిషాలు సైకిలు తొక్కారు. తేలికగా తొక్కినవారు చెప్పుకున్న అలసట 65 శాతం తగ్గింది. కాస్త గట్టిగా తొక్కినవారిలో తగ్గుదల అంతకన్నా తక్కువ. చిన్న అధ్యయనమే అయినా, ఒళ్లు విరుచుకుంటూ సోఫాలో వాలేవారికి అది చెప్పే మాట సూటిగానే ఉంది.

రెండు గడియారాలు, ఒక కాఫీ

నిద్రను రెండు వేరువేరు ప్రక్రియలు నడిపిస్తాయని స్విట్జర్లాండ్ పరిశోధకుడు అలెగ్జాండర్ బోర్బెలీ 1982లో ఒక నమూనా ఇచ్చారు. నేటికీ అదే ఆధారం. మేలుకుని ఉన్నంతసేపూ మెదడులో అడినోసిన్ వంటి పదార్థాలు పేరుకుని నిద్ర ఒత్తిడిని పెంచుతాయి. నిద్రలో అది దిగిపోతుంది. రెండోది శరీర గడియారం. వెలుతురును బట్టి దాదాపు 24 గంటల లయలో అది మెలకువను ఎత్తుతూ దించుతూ ఉంటుంది. మధ్యాహ్నపు మాంద్యంలో భోజనం పాత్ర ఉన్నా, తినకపోయినా ఆ వేళ చురుకుదనం కొంత తగ్గుతుంది. అప్పుడు 15, 20 నిమిషాల కునుకు సరిపోతుంది. గంట దాటితే గాఢ నిద్ర మధ్యలో లేవాల్సి వచ్చి, లేచాక ఇంకా మత్తుగా ఉంటుంది.

కాఫీలోని కెఫీన్ అడినోసిన్‌ను తొలగించదు. అది కూర్చోవలసిన చోటును ఆక్రమించి సంకేతం అందకుండా ఆపుతుంది, అంతే. తాగిన దానిలో సగం శరీరం నుంచి పోవడానికి సుమారు 5 గంటలు పడుతుంది. సాయంత్రం 5 గంటలకు తాగిన కాఫీలో సగం రాత్రి 10 గంటలకు ఇంకా పనిచేస్తూనే ఉంటుందన్నమాట. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో రోజుకు 300 మిల్లీగ్రాముల కెఫీన్ దాటవద్దని చెప్పింది. 150 మిల్లీలీటర్ల డికాక్షన్ కాఫీలో 80 నుంచి 120 మిల్లీగ్రాములు, టీలో 30 నుంచి 65 ఉంటాయన్నది ఆ సంస్థ లెక్క.

నిద్ర సుఖమెరుగదంటారు. లోటును కూడా ఎరుగదని 2003లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ ప్రయోగం తేల్చింది. రెండు వారాల పాటు రోజుకు 6 గంటలే పడుకున్నవారి ఏకాగ్రత, జ్ఞాపకశక్తి ఒకటి రెండు రాత్రులు పూర్తిగా నిద్రలేనివారి స్థాయికి దిగజారాయి. వారిని అడిగితే మాత్రం కాస్త నిద్రమత్తుగా ఉందనే చెప్పారు. తక్కువ నిద్రకు అలవాటుపడ్డామని చెప్పేవారి మాటను ఈ ఫలితంతో పోల్చి చూడాలి.

ఆదివారం లోటు పూడ్చుకోవడంలోనూ ఒక మెలిక ఉంది. రోజూ 6 గంటలకు లేచే వ్యక్తి ఆదివారం 9 గంటలకు లేస్తే నిద్ర కొంత దక్కుతుంది, గడియారం మాత్రం వెనక్కి జరుగుతుంది. దుబాయ్ సమయం మనకన్నా గంటన్నర వెనక. అంటే ఆ ఒక్క ఉదయం శరీరం దుబాయ్‌ని దాటి ఇంకా పడమటికి వెళ్లినట్టు. సోమవారం తెల్లవారుజామున అలారం మోగేసరికి తిరుగు ప్రయాణం. హైదరాబాద్ ఐటీ ఉద్యోగుల్లో అమెరికా జట్లతో పనిచేసేవారికి ఈ తిప్పలు ఏడాదికి రెండుసార్లు అదనంగా వస్తాయి. కాలిఫోర్నియాలో ఉదయం 10 గంటల సమావేశం ఇక్కడ వేసవిలో రాత్రి 10:30కు, అక్కడ గడియారాలు వెనక్కి తిప్పిన తర్వాత నవంబరు నుంచి రాత్రి 11:30కు మొదలవుతుంది. గడియారం తిప్పేది వారు, నిద్ర జరిగేది ఇక్కడ.

ఆఫీసు వదిలినా వదలని పని

ప్రమాదం ఎదురైతే గుండె వేగం పెరగడం, కార్టిసోల్ అనే ఒత్తిడి హార్మోను విడుదలవడం రక్షణ చర్యలు. ప్రమాదం దాటగానే అవి తగ్గాలి. తగ్గకుండా నెలల తరబడి కొనసాగితే శరీరం మీద పడే అరుగుదలను అమెరికా శాస్త్రవేత్త బ్రూస్ మెక్యూవెన్ 1993లో ఒక సిద్ధాంతంగా రూపొందించారు. పులి పోయినా పులి గురించిన ఆలోచన చాలు, ఈ యంత్రాంగం నడుస్తూనే ఉంటుంది. మేనేజరు పంపిన రెండు ముక్కల సందేశాన్ని రాత్రి పదిసార్లు తలచుకుంటే శరీరం దృష్టిలో అది పదిసార్లు అందినట్టే.

జర్మనీకి చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త సబీనే సొన్నెంటాగ్, మరో పరిశోధకురాలు షార్లెట్ ఫ్రిట్జ్ 2007లో, పని తర్వాత కోలుకోవడానికి తోడ్పడే అనుభవాలు నాలుగని గుర్తించారు. పని నుంచి మనసు విడివడటం, సేదదీరడం, కొత్తదేదో నేర్చుకుని పట్టు సాధించడం, ఖాళీ సమయం మీద సొంత పెత్తనం. వీటిలో మూడోది చాలామందికి తట్టనిది. మిద్దె తోటలో బీర పాదుకు పందిరి వేయడం శ్రమే, మృదంగం నేర్చుకోవడం అంతకన్నా శ్రమ. అయినా అవి కోలుకునేలా చేస్తాయి. ఎందుకంటే పగలంతా వాడిన మెదడు భాగాన్ని అవి వదిలిపెట్టి వేరే దాన్ని పిలుస్తాయి. గంటసేపు రీళ్లు చూడటంలో ఈ నాలుగింటిలో ఏదీ పూర్తిగా ఉండదు. చూసేది ఏమిటో నిర్ణయించేది కూడా చూసేవారు కాదు.

విచిత్రమేమిటంటే, ఒత్తిడి ఎక్కువగా ఉన్న రోజునే నడకకు వెళ్లడం, త్వరగా పడుకోవడం మానేస్తారు. కోలుకోవలసిన అవసరం ఎక్కువున్నవారే తక్కువ కోలుకోవడాన్ని సొన్నెంటాగ్ ఒక వైరుధ్యంగా వర్ణించారు. సంకల్పం మీద ఆధారపడని చిన్న ఏర్పాట్లు ఇక్కడే అక్కరకొస్తాయి. అమెరికాలోని బేలర్ విశ్వవిద్యాలయం 2018లో 57 మందిని నిద్ర ప్రయోగశాలలో పరీక్షించింది. పడుకోబోయే ముందు 5 నిమిషాలు రాబోయే రోజుల పనుల జాబితా రాసినవారు, అప్పటికే ముగించిన పనుల గురించి రాసినవారికన్నా సగటున 9 నిమిషాలు ముందుగా నిద్రలోకి జారుకున్నారు. కాగితం మీదికి దిగిన పనిని మనసు మోయనక్కర్లేదు.

ధ్యానం చేసేదెంత

"మైండ్‌ఫుల్‌నెస్" పేరుతో తిరిగి వస్తున్నది పాళీ భాషలోని సతి, సంస్కృతంలో స్మృతి. ఊపిరిని, ఒంటిని, అనుభూతులను, మనసును కనిపెట్టి ఉండటం గురించి సతిపట్ఠాన సుత్తం అనే బౌద్ధ పాఠం వివరిస్తుంది. బౌద్ధం ఒకనాడు వర్ధిల్లిన అమరావతి, నాగార్జునకొండల సీమకు ఈ మాట అమెరికా మీదుగా, యాప్ రూపంలో రావడం చరిత్రలో చిన్న చమత్కారం. 1979లో జాన్ కబాట్-జిన్ మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్య కేంద్రంలో దీర్ఘకాలిక నొప్పి ఉన్నవారి కోసం ఒక శిక్షణ మొదలుపెట్టారు. ఆసుపత్రులు, కంపెనీలు వాడుతున్న నమూనా ఎక్కువగా దాని 8 వారాల రూపమే. భారత్‌లో ఎస్.ఎన్. గోయెంకా 1976లో ఇగత్‌పురిలో ప్రారంభించిన విపశ్యన కేంద్రం పది రోజుల మౌన శిబిరాలతో వేరే దారి పట్టింది. హైదరాబాద్‌లో నాగార్జునసాగర్ రోడ్డులో ఆ సంప్రదాయపు కేంద్రం ఉంది.

పనిచేసే తీరు రెండు అంచెలు. మొదటిది శ్వాస. గాలి పీల్చినప్పుడు గుండె కాస్త వేగంగా, వదిలినప్పుడు నెమ్మదిగా కొట్టుకుంటుంది. వదలడాన్ని పొడిగిస్తే, మెదడు నుంచి గుండెకు వెళ్లే వేగస్ నాడి ద్వారా గుండె మీద అదుపు పెరిగి, అప్రమత్తత దిగుతుంది. ఇది నిమిషాల్లో జరుగుతుంది. రెండోది నెమ్మదైనది. ఆలోచన పుట్టిన కొద్దిసేపటికే "ఇదొక ఆలోచన" అని గుర్తించడం అలవాటైతే, దాని వెంట వెళ్లి గంటసేపు వాదులాడుకోవడం తగ్గుతుంది. అంటే ధ్యానం కొత్త శక్తిని పుట్టించదు. చిల్లి కుండకు చిల్లు పూడుస్తుంది. నీళ్లు మాత్రం నిద్ర, తిండి, నడక, మనుషుల తోడు పోయాలి.

2014లో అమెరికా వైద్య పత్రిక ఒకటి 47 ప్రయోగాలను, 3,515 మందిని కలిపి చేసిన సమీక్షను ప్రచురించింది. ఆందోళన, కుంగుబాటు, నొప్పి తగ్గడానికి ధ్యానం సాయపడుతుందనడానికి మధ్యస్థాయి ఆధారం ఉందని అది తేల్చింది. వ్యాయామం వంటి ఇతర చికిత్సలకన్నా మెరుగన్న ఆధారం మాత్రం కనబడలేదు. ఆ సమీక్షలో సగమే చదివి ప్రచారం చేసేవారు ఇరుపక్షాల్లోనూ ఉన్నారు. ఇంకో జాగ్రత్త: పాత గాయాల జ్ఞాపకాలు బలంగా ఉన్నవారిలో దీర్ఘ మౌన ధ్యానం ఆందోళనను పెంచిన సందర్భాలు నమోదయ్యాయి. అటువంటివారు శిబిరానికి ముందు వైద్యులను సంప్రదించడం అవసరం.

రక్త పరీక్ష చెప్పే సంగతి

అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో రక్తహీనత దేశంలో 57 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. అదే వయసు పురుషుల్లో దేశ సగటు 25 శాతం. రక్తంలో ప్రాణవాయువును మోసేది హిమోగ్లోబిన్, దానికి ఇనుము కావాలి. అది చాలకపోతే మెట్లెక్కితే ఆయాసం, మధ్యాహ్నానికి తల బరువు. అలాంటి మహిళకు రోజూ 20 నిమిషాల ధ్యానం సూచించడం, పెట్రోలు లేని బండికి అద్దం తుడవడం వంటిది. భోజనానికి గంట ముందు, గంట తర్వాత టీ, కాఫీలు మానాలని పోషకాహార సంస్థ చెప్పడానికి కారణం వాటిలోని టానిన్లు ఇనుమును శరీరానికి అందనివ్వకపోవడమే. టిఫినుతో పాటే కాఫీ తాగే ఇళ్లలో ఈ సలహా ఎంతవరకు దిగుతుందన్నది వేరే ప్రశ్న.

హైదరాబాద్ సహా ఎనిమిది నగరాల్లో జరిపి 2013లో ప్రచురించిన అధ్యయనంలో పెద్దల్లో దాదాపు 11 శాతం మందికి థైరాయిడ్ లోపం కనిపించింది. శాకాహారుల్లో బి12 లోపం, అదుపులో లేని మధుమేహం, గురకతో వచ్చే నిద్ర శ్వాస అవరోధం కూడా "ఎనర్జీ లేదు" అనే మాట వెనక దాక్కునేవే. రెండు మూడు వారాలు సరిగా పడుకున్నా తగ్గని నీరసానికి ముందు పరీక్ష, తర్వాతే ధ్యానపు చాప.

ఎవరి సమయం ఎవరిది

కేంద్ర గణాంక శాఖ 2024 సమయ వినియోగ సర్వేలో, ఇంట్లో జీతం లేని పని చేసే మహిళలు దానికి రోజుకు సగటున 289 నిమిషాలు వెచ్చిస్తున్నట్టు, పురుషులు 88 నిమిషాలు వెచ్చిస్తున్నట్టు తేలింది. తేడా మూడు గంటలకు పైనే. సొన్నెంటాగ్ జాబితాలోని నాలుగో అంశానికి, ఖాళీ సమయం మీద పెత్తనానికి, ఇక్కడ గండి పడుతుంది. ఉద్యోగం చేసే మహిళకు ఆఫీసు నుంచి మనసు విడివడగానే ఎదురుపడేది రెండో డ్యూటీ. సొంత సంరక్షణ మీద వచ్చే సలహాల్లో చాలా భాగం ఈ మూడు గంటలు ఎవరి దగ్గరినుంచి తేవాలో చెప్పకుండానే మొదలవుతాయి.

ఆఫీసుల్లోనూ అదే తంతు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో బర్నవుట్‌ను (పనితో పూర్తిగా డస్సిపోవడాన్ని), అదుపుచేయని పనిచోటి ఒత్తిడి ఫలితంగా, వృత్తికి సంబంధించిన స్థితిగా నిర్వచించింది. వ్యాధిగా చేర్చలేదు. కారణం పనిచోటులో ఉందన్నది ఆ నిర్వచనంలోనే ఉన్నా, పరిష్కారం ఉద్యోగి ఫోనులోకి యాప్‌గా వస్తోంది. బ్రిటన్‌లో 46 వేల మందికి పైగా ఉద్యోగుల సర్వేను పరిశీలించిన ఆక్స్‌ఫర్డ్ పరిశోధకుడు విలియం ఫ్లెమింగ్, ధ్యాన, ఒత్తిడి నియంత్రణ శిక్షణల్లో పాల్గొన్నవారి మానసిక స్థితి పాల్గొననివారికన్నా మెరుగ్గా లేదని 2024లో ప్రచురించారు. ఇది 2014 సమీక్షకు విరుద్ధం కానక్కర్లేదు. ఎనిమిది వారాలు గురువు సమక్షంలో నేర్చుకోవడం వేరు, రెండు సమావేశాల మధ్య పది నిమిషాల వీడియో వేరు.

గంటల విషయానికొస్తే, వారానికి 35 నుంచి 40 గంటలు పనిచేసేవారితో పోలిస్తే 55 గంటలు లేదా అంతకు మించి పనిచేసేవారిలో పక్షవాతం ముప్పు 35 శాతం, గుండె రక్తనాళాల జబ్బుతో చనిపోయే ముప్పు 17 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021లో ప్రకటించాయి. తెలుగు రాష్ట్రాల కొత్త పది గంటల పరిమితిని ఈ అంకెతో నేరుగా ముడిపెట్టడం సరికాదు. తెలంగాణ ఉత్తర్వులో వారానికి 48 గంటల గీత ఉంది. నాలుగు రోజులు పది గంటలు, అయిదో రోజు ఎనిమిది గంటలు చేయించి రెండు రోజులు సెలవిచ్చే సంస్థలో కోలుకునే సమయం నిజానికి పెరగవచ్చు. గీత కాగితానికే పరిమితమై, పదకొండో గంట ఫోనులోకి వస్తే కథ మారుతుంది.

ఐరోపా సమాఖ్య దీన్ని వేరే వైపు నుంచి పట్టుకుంది. అక్కడి పని వేళల నిబంధన ఎంతసేపు పనిచేయాలో చెప్పి ఆగలేదు, ఒక రోజు పనికీ మరో రోజు పనికీ మధ్య వరుసగా 11 గంటల విరామం ఉండాలంది. ఫ్రాన్స్ 2017 నుంచి పని వేళల తర్వాత సందేశాలకు దూరంగా ఉండే హక్కును చట్టంలో చేర్చింది, ఆస్ట్రేలియా 2024లో అదే దారి పట్టింది. భారత్‌లో ఇలాంటి హక్కు కోసం ఎంపీ సుప్రియా సూలే లోక్‌సభలో ప్రైవేటు మెంబరు బిల్లు పెట్టారు, అది చట్టం కాలేదు. రాత్రి 11:30కు మొదలైన సమావేశం 12:30కు ముగిసిందనుకుంటే, ఐరోపా లెక్క ప్రకారం ఆ ఉద్యోగి మళ్లీ పనిలోకి రావలసింది ఉదయం 11:30 తర్వాతే. గచ్చిబౌలిలో తొమ్మిదింటికి హాజరు వేసేవారికి ఈ కూడిక ఇంకా చేరలేదు.